మేకు కనపడని బోర్డులు

రైసూత్ ఇండస్ట్రియల్ ఏరియాలో, సిమెంటు దుమ్ము పడీ పడీ చెట్లు కూడా తెల్లబడిపోయిన ఒక వీధిలో, బోర్డులు చేసే వర్క్‌షాపు ఉండేది. ఒమాన్‌లోని సలాలా ఊళ్ళో తమ దుకాణం నలుగురి కంట్లో పడాలనుకునే వాళ్ళంతా అక్కడికే వచ్చేవారు. మేనేజరుతో బేరమంతా అయ్యాక ఒక మాట మాత్రం తప్పకుండా అడిగేవారు: "చేసేది సాగరేనా?"

సాగర్ అంటే ప్రేమ్ సాగర్. నరసాపురం దగ్గర ఒక పల్లె అతడిది. వాళ్ళ నాన్న పడవల ముక్కుల మీద పేర్లు రాసేవాడు, చర్చి గోడల మీద వాక్యాలు రాసేవాడు. ప్రేమ్ సాగర్ చెయ్యి తండ్రి చేతిని మించింది. బ్రష్షు ఎత్తకుండా ఒక్క ఊపులో 'శ్రీ' రాస్తుంటే టీ కొట్టు దగ్గర జనం గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడి చూసేవారు. ఆ తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. రాత్రి ఇస్తే పొద్దున్నకి మొహాలతో సహా అచ్చేసి ఇచ్చే మిషన్ల ముందు బ్రష్షు ఎవడిక్కావాలి? నాలుగైదేళ్ళు అతడు పెళ్ళి పందిళ్ళ దగ్గర థర్మాకోల్ అక్షరాలు కోస్తూ గడిపాడు. భార్య మణికుమారికి సలాలాలో ఒక ఆసుపత్రిలో నర్సుగా ఉద్యోగం వచ్చింది. ఆమె వెళ్ళిన ఏడాదికి అతడికీ రైసూత్ వర్క్‌షాపులో వీసా దొరికింది.

అక్కడ అతడి చేతికి మళ్ళీ ప్రాణం వచ్చింది. అరబ్బీ చదవడం రాదు గానీ ఆ గీతల వంపు అతడికి వెంటనే పట్టుబడింది. చెక్క మీద చెక్కి, దాని మీద బంగారు రంగు పూసి, వెనక నుంచి లైటు వేస్తే దుకాణం గుమ్మం పెళ్ళివారి ఇల్లులా వెలిగిపోయేది. అతడి బోర్డుకి ఒక గుర్తుండేది. ముందు వైపు ఎక్కడా ఒక్క మేకు తల గానీ, బోల్టు గానీ కనపడదు. నున్నటి మొహం. ఫ్రేమంతా వెనక దాక్కుంటుంది. ముందు పలకని జిగురుతో, లోపలి కొక్కేలతో పట్టించేవాడు.

"మేకు తల కనపడిందంటే మొహం మీద మసూచి మచ్చ ఉన్నట్టే," అనేవాడు.

అతడు గీసినదాన్ని ఫ్రేము కట్టి, లారీ ఎక్కించి, గోడకి బిగించేది భూమయ్య. జగిత్యాల వైపు మనిషి. ఒమాన్‌కి వచ్చి చాలాకాలమైంది, అక్కడి ఎండకి తలంతా నెరిసిపోయింది. వెల్డింగు పనిలో మంచి చెయ్యి. ఇద్దరికీ రోజూ ఏదో ఒక కీచులాట ఉండేది, అయినా భోజనం మాత్రం కలిసే చేసేవాళ్ళు. మణికుమారి పంపే చేపల పులుసు కోసం భూమయ్య పొద్దున్నుంచీ క్యారేజీ వంకే చూసేవాడు.

మన దగ్గర ఖరీఫ్ అంటే పంట. సలాలాలో ఖరీఫ్ అంటే ముసురు. జూన్ నెల చివర్లో సముద్రం మీద నుంచి మంచు లేచి కొండల్ని కప్పేస్తుంది. సెప్టెంబరు దాకా ఎండ మొహం కనపడదు. పెద్ద వాన కురవదు, జల్లు ఆగదు. ఎండలకి మాడిపోయిన మిగతా గల్ఫ్ అంతా ఆ తడి చూడ్డానికి కార్లలో తరలి వస్తుంది. బజార్లు కిటకిటలాడతాయి. దుకాణాలకి అదే పండగ, బోర్డులకి మాత్రం అదే గండం.

ప్రేమ్ సాగర్ వచ్చిన మొదటి ఖరీఫ్‌లోనే ఒక హల్వా దుకాణం బోర్డు ఉబ్బింది, అక్షరాల మీద రంగు పెచ్చులూడింది. లోపలికి తడి వెళ్ళిందని అతడికి అర్థమైంది. దాన్ని దింపించి, అంచుల చుట్టూ సిలికాన్ పట్టించి, రంగు ఇంకో రెండు పూతలు వేశాడు. ఆ మరుసటి ఏడాది ఇంకో దుకాణంలో లైట్లు కాలిపోయాయి. వైర్లు వెళ్ళే కన్నాల్లోంచి తడి దిగిందన్నమాట. వాటినీ మూసేశాడు. ఆ తర్వాత పెట్టె వెనక కూడా రేకు వేసి నాలుగు వైపులా బిగించేశాడు. తప్పు జరిగిన ప్రతిసారీ కూర్చుని ఆలోచించాడు, ప్రతిసారీ ఒక సందు మూశాడు. పాఠం నేర్చుకుంటున్నాననే అనుకున్నాడు.

భూమయ్య ఒకసారి డ్రిల్లు చేతిలో పట్టుకుని వచ్చి అడిగాడు. "అన్నా, కింద రెండు బొక్కలు గొట్టనా? లోపటికి నీళ్ళు వొయినా కిందికెళ్ళి కారిపోతయ్."

"బొక్క పెడితే దాంట్లోంచే ఇంకా నీళ్ళెళ్తాయి. చీమలు చేరతాయి. రాత్రిపూట కింద నుంచి లైటు గీతలా కనపడి చండాలంగా ఉంటది."

"మరి ముందల్నుంచన్న నాలుగు బోల్ట్లు గొట్టనియ్యి. జిగురు మీద నాకు నమ్మకం లేదే."

"నా మొహానికి బోల్టులు కొడతావా?" అని ప్రేమ్ సాగర్ నవ్వేశాడు.

భూమయ్య కూడా నవ్వి డ్రిల్లు పక్కన పెట్టేశాడు. ఆ మాట అక్కడితో అయిపోయింది. ఇద్దరిలో ఎవరికీ అది పెద్ద విషయంగా అనిపించలేదు.

అతడు చేసిన వాటన్నిట్లోకీ పేరు తెచ్చింది పాత బజారులోని సాంబ్రాణి కొట్టు బోర్డు. ధూపం వేసే మట్టి పాత్ర, దాంట్లోంచి లేచే పొగ, ఆ పొగే మెలికలు తిరుగుతూ పైకి పోయి దుకాణం పేరైపోతుంది. ఎక్కడ పొగ ఆగి ఎక్కడ అక్షరం మొదలైందో పట్టుకోవడం కష్టం. గుమ్మం మీద చూరులా ముందుకు పొడుచుకుని వచ్చేలా దాన్ని పెట్టారు. ఖరీఫ్ చూడ్డానికి వచ్చినవాళ్ళు దాని ముందు నిలబడి ఫోటోలు దిగేవారు. ప్రేమ్ సాగర్ సాయంత్రం పూట మణికుమారిని తీసుకుని కావాలని ఆ వీధిలోంచి నడిచేవాడు. తనే చేశానని ఎవరికీ చెప్పేవాడు కాదు. జనం తలలెత్తి చూస్తుంటే చాలు అతడికి.

రెండువేల పదిహేను ఆగస్టులో, ఒక సాయంత్రం, మణికుమారి డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏవండీ, మీరు చేసిన సాంబ్రాణి కొట్టు బోర్డు ఉంది కదూ?"

"ఆఁ. ఏం?"

"పడిపోయిందండీ. కింద మనిషి ఉంది."

ఆ మనిషి పేరు సఫూరా. రాయచోటి దగ్గరి నుంచి వచ్చి ఒక ఒమానీ ఇంట్లో వంట చేసేది. బజారుకి వచ్చినప్పుడల్లా సామాను కొనుక్కుని, డ్రైవరు కారు తెచ్చేదాకా జల్లు మీద పడకుండా ఆ బోర్డు కింద నిలబడేది. ఆ రోజు గాలి కూడా పెద్దగా లేదు. ముందు టప్‌మని ఒక చప్పుడైందట. అందరూ తలెత్తేలోగా పాత్రా, పొగా, అక్షరాలూ అన్నీ కలిసి ఒక్కసారిగా దిగిపోయాయి. మిగతావాళ్ళు తప్పుకున్నారు. సఫూరా చేతుల్లో సంచులున్నాయి. వెన్ను విరిగింది. మణికుమారి వార్డుకే తీసుకొచ్చారు.

"బతుకుద్దా?" అని అడిగాడు ప్రేమ్ సాగర్.

"బతుకుద్ది," అంది మణికుమారి. చెప్పులు విప్పుతూ, "నడుం కింద నుంచి ఏం తెలీట్లేదు ఆమెకి," అంది.

పోలీసులు చూసుకున్నాక బోర్డుని లారీలో వర్క్‌షాపుకి తెచ్చి పడేశారు. సాంబ్రాణి వాసన ఇంకా వస్తోంది దానికి. భూమయ్య గ్రైండరు పెట్టి వెనక రేకు కోశాడు. కోత అడుగుదాకా దిగగానే గోధుమరంగు నీళ్ళు బుళుక్కున వచ్చి ఇద్దరి కాళ్ళ మీద పడ్డాయి. చాలాసేపు కారుతూనే ఉన్నాయి. లోపల ఇనుప ఫ్రేము చేత్తో పట్టుకుంటే బిస్కట్టులా విరిగిపోయింది. ప్లైవుడ్డు నాని అట్టలు అట్టలుగా విడిపోయింది. చెడకుండా ఉన్నది ఒక్కటే, అంచుల చుట్టూ ప్రేమ్ సాగర్ స్వయంగా పట్టించిన సిలికాన్. అది మాత్రం పెట్టిన రోజులాగే మెరుస్తూ గట్టిగా ఉంది.

అప్పుడు అర్థమైంది అతడికి. సముద్రం గాలికి తడి ఎలాగైనా లోపలికి దూరుతుంది. పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ పెట్టె లోపల చెమట పడుతుంది. దూరిన నీటికి బయటికి దారి లేదు. ఇన్నేళ్ళుగా అతడు మూసినదల్లా ఆ దారే. సముద్రం ఒడ్డున పుట్టి, ఉప్పు గాలికి కిటికీ ఊచలు తినేసుకుపోవడం చిన్నప్పటి నుంచీ చూసి, ఈ చిన్న సంగతి తన బుర్రకి ఎందుకు తట్టలేదా అని ఆ ఇనుప ముక్కలు చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాడు.

భూమయ్య 'నేను అప్పుడే చెప్పిన గద' అన్నా బాగుండేదేమో. అనలేదు. చీపురు తెచ్చి నీళ్ళు ఊడ్చాడు.

వర్క్‌షాపు మేనేజరు ఫుర్ఖాన్ హైదరాబాదీ. చెడ్డవాడని అనడానికి లేదు, కానీ భయస్థుడు. రెండ్రోజులు ఫోన్లలోనే గడిపి, మూడోనాడు ఇద్దర్నీ ఆఫీసులోకి పిలిచి తలుపు వేశాడు.

"దేఖో, ఎవరిదో ఒకరిది గల్తీ అని రాసియ్యాలె. వర్క్‌షాప్ గల్తీ అంటే తాళం పడ్తది. అందరూ రోడ్డు మీదికొస్తరు. బిగించినోడు సరిగ్గ బిగించలేదు, అని రాస్తున్న. భూమయ్యా, నీ వీసా ఎట్లనూ అయిపోతున్నది. లొల్లి గాకుండ ఇంటికి పంపిస్త."

"తప్పు బిగింపుది కాదు భాయ్," అన్నాడు ప్రేమ్ సాగర్. "తప్పు గీతలోనే ఉంది. అది నాది."

"నీ పేరు రాస్తే? కస్టమర్ అందరూ నీ పేరు చెప్పుకోనే వస్తరు. నువ్వు పోతే వర్క్‌షాప్ ఉంటదా? నీ వైఫ్ ఇక్కడ గవర్నమెంట్ల ఉంది. జర దిమాగ్ పెట్టు సాగర్ భాయ్."

ప్రేమ్ సాగర్ నోరు తెరిచేలోగా భూమయ్య అతడి మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

"నువ్వు ఊకో అన్నా. నీకు ఇంటామె ఈడుంది. నాకెవరున్నరు? నాకు ఎట్లగూడ యాష్టకొచ్చింది ఈ దేశం."

"నీ మీద అబద్ధం రాస్తన్నాడు భూమయ్యా."

"రాయని. నాకు అరబ్బీ చదవొస్తదా ఏంది?"

ఆ మాటకి ప్రేమ్ సాగర్ నవ్వలేకపోయాడు. మళ్ళీ లోపలికి వెళ్ళి గట్టిగా నిలబడాల్సింది. వెళ్ళలేదు. కాళ్ళు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. తర్వాత ఎన్నో రాత్రులు అతడు ఆ ఆగిపోవడాన్నే తల్చుకున్నాడు. బోర్డు తప్పు తెలియక చేసింది. ఇది మాత్రం తెలిసి చేసింది. వారం తిరక్కుండా భూమయ్య మస్కట్ బస్సు ఎక్కాడు. మస్కట్‌లోని హమ్రియాలో ఎవరో ఊరివాళ్ళ రూమ్‌లో ఒక పూట ఉండి అక్కడి నుంచి విమానం ఎక్కాడని తర్వాత తెలిసింది. బస్టాండులో మణికుమారి ఇచ్చిన పులుసు డబ్బా మాత్రం సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకున్నాడు.

ఆసుపత్రికి వెళ్ళడానికి ప్రేమ్ సాగర్‌కి చాలా రోజులు పట్టింది. మణికుమారి రమ్మనలేదు, వద్దనీ అనలేదు. ఒక సాయంత్రం, చుట్టాలు వచ్చే వేళకి, బత్తాయిల సంచి పట్టుకుని వార్డులోకి వెళ్ళాడు. మణికుమారి అతణ్ణి చూసి, ఒక మంచం వైపు తలతో చూపించి, తను వేరే పేషెంటు దగ్గరికి వెళ్ళిపోయింది.

సఫూరా వెల్లకిలా పడుకుని పైకప్పు వైపు చూస్తోంది. వయసు ముప్పై దాటి ఉంటుంది. మెడకి పట్టీ ఉంది.

"మణక్క వాళ్ళాయప్పవా నువ్వు?" అంది కళ్ళు మాత్రం తిప్పి.

"అవునమ్మా." సంచి ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే ఉంచుకున్నాడు. "ఆ బోర్డు... అది నేను చేసిందేనమ్మా."

ఆమె చూపు అతడి చేతుల మీదికి దిగింది.

"నువ్వేనా," అంది. "బాగుండె అది. పొగ మీదికి పోయి అచ్చరాలైతాండె. డ్రైవరు వచ్చేదాంక ఆడ్నే నిలబడ్తాంటి. వాన పడకపోయినా ఆడ్నే నిలబడ్తాంటి, దాన్నే జూస్చా."

ప్రేమ్ సాగర్ తల దించుకున్నాడు.

"ఎట్ల పడిందన్నా?"

దాచలేదు అతడు. నీళ్ళు ఎలా వెళ్ళాయో, లోపల ఎలా నిలిచాయో, ఇనుము ఎలా తుప్పు పట్టిందో చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. ఆమె శ్రద్ధగా వింది.

"అంటే, నీళ్ళు పోనీకి బొక్క ల్యాకనా?"

"అవునమ్మా."

"అంతేనా," అంది సఫూరా.

కోపంగా అనలేదు. ఏడుస్తూనూ అనలేదు. బజార్లో ఏదో సరుకు ధర విని అన్నట్టు అంది. మళ్ళీ కళ్ళు పైకప్పు వైపు తిప్పుకుంది.

"ఇంగ పో అన్నా. మళ్ళా రావద్దు."

బత్తాయిల సంచి ఆ మంచం కింద పెట్టి వచ్చేశాడు. బయట మంచులో బస్సు కోసం నిలబడితే, డ్యూటీ దిగి మణికుమారి వచ్చి పక్కన నిలబడింది. 

"ఏవండీ," అంది ఆమె, "అట్టాంటివి ఊళ్ళో ఇంకెన్ని పెట్టారండీ?"

అప్పటిదాకా అతడు పడిపోయిన దాని గురించే ఆలోచించాడు. ఆ ప్రశ్నతో ఊరంతా కళ్ళ ముందు తిరిగింది. మిఠాయి దుకాణం, దర్జీ కొట్టు, అత్తరు దుకాణం, మందుల షాపు. అన్నిటి కిందా జనం నిలబడి ఉన్నారు.

ఆ వచ్చిన శుక్రవారం నుంచి ప్రేమ్ సాగర్ నిచ్చెన ఒకటి అద్దెకి తీసుకుని, డ్రిల్లు సంచిలో వేసుకుని, అక్కడ ఆ సెలవు రోజునే జరిగే చర్చి ప్రార్థన కూడా మానేసి బజారు మీద పడ్డాడు. మొదట దర్జీ కొట్టుకి వెళ్ళాడు. బంగ్లాదేశీ దర్జీ కాదనలేదు. బోర్డు అడుగున డ్రిల్లు దించగానే సన్నటి ధార పడింది. దర్జీ లోపలికి పరిగెత్తి బక్కెట్టు తెచ్చి పెట్టాడు, అది నిండుతుంటే నోరు తెరుచుకుని చూశాడు. ప్రేమ్ సాగర్ ఆ నున్నటి మొహం మీద, అక్షరాల మధ్య, గోడలోకి దిగేలా పొడవాటి బోల్టులు కొట్టాడు. ఒక్కో బోల్టు దిగుతుంటే తన పళ్ళలోకే దిగుతున్నట్టు ఉండేది. అయినా కొట్టాడు.

కొన్నిచోట్ల నీళ్ళు వచ్చాయి. కొన్నిచోట్ల పొడి తుప్పు రాలింది. మందుల షాపు బోర్డు ముట్టుకుంటేనే ఊగింది, దాన్ని అప్పటికప్పుడు దింపించేశాడు. కొందరు టీ ఇచ్చారు, కొందరు తిట్టారు. అత్తరు దుకాణం యజమాని మాత్రం నిచ్చెన వెయ్యనివ్వలేదు. "దీని అందం చూసే కొన్నాను. ఇప్పుడు బోల్టులు కొట్టి పాడు చేస్తావా? నడువ్!" అన్నాడు హిందీలో. ప్రేమ్ సాగర్ దండం పెట్టి చెప్పాడు, వినలేదు. తర్వాత దారిలో ఎప్పుడు ఆ దుకాణం దాటినా, దాని కింద ఎవరైనా నిలబడి ఉంటే దగ్గరికి వెళ్ళి పక్కకి జరగమని చెప్పేవాడు. జనం అతణ్ణి పిచ్చివాడిలా చూసేవారు.

చివరిగా, సలాలాకి గంట దూరంలో సముద్రం ఒడ్డున ఉన్న మిర్బాత్‌లో ఒక చేపల హోటలు బోర్డు మిగిలింది. దాని పని ముగించుకుని, షేర్ టాక్సీ కోసం పాత ఇళ్ళ మధ్య నుంచి నడుస్తుంటే, ఒక పాడుబడిన ఇంటి తలుపు కనపడింది. పెద్ద చెక్క తలుపు. దాని మీద వరసలు వరసలుగా ఇనుప మేకుల తలలు, ఒక్కొక్కటీ రూపాయి బిళ్ళంత. ఇల్లు కూలిపోయింది. పైకప్పు లేదు. తలుపు మాత్రం ఉప్పు గాలిలో తిన్నగా నిలబడి ఉంది. ఆ మేకులే దానికి నగలు. ఇలాంటి తలుపులు అతడు ఈ దేశంలో ఎన్నిసార్లు చూశాడో! చూసి, వాటి మీద చెక్కిన పువ్వుల్ని తన బోర్డుల్లోకి దింపుకున్నాడు గానీ మేకుల్ని వదిలేశాడు. తలుపు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ఒక మేకు పక్కన ఇంకో మేకుకి ఎంత ఎడం ఉందో వేళ్ళతో కొలుచుకున్నాడు. రోడ్డు మీద ఆగిన టాక్సీవాడు హారను కొడుతూనే ఉన్నాడు.

అత్తరు దుకాణం యజమాని ఊరుకోలేదు. ఫుర్ఖాన్‌కి ఫోన్ చేసి, మీ మనిషే మీ బోర్డులు పడిపోతాయని ఊరంతా చెబుతున్నాడన్నాడు. ఫుర్ఖాన్ ప్రేమ్ సాగర్‌ని పిలిచి కేకలు వెయ్యలేదు. తల పట్టుకుని కూర్చున్నాడు.

"నేను నిన్ను బచాయించిన. భూమయ్యను పంపి నిన్ను బచాయించిన. నువ్వేమో నా షాప్ మీదనే ఇట్ల చేస్తవా?"

"అందుకే చేస్తన్నాను భాయ్," అన్నాడు ప్రేమ్ సాగర్. "అతన్ని పంపినా బోర్డులు అట్టాగే ఉన్నాయి కదా."

ఆ నెల ఆఖరుతో పని పోయింది. అప్పట్లో పాత కంపెనీ అభ్యంతరం లేదని కాగితం ఇవ్వకపోతే రెండేళ్ళు ఒమాన్‌లో ఇంకోచోట పనికి చేరడానికి లేదు. దేశం విడిచి వెళ్ళిపోవాల్సిందే. ఫుర్ఖాన్ ఇవ్వనన్నాడు. మణికుమారి ఏడవలేదు. సెలవు పెట్టి, భర్తని వెంటబెట్టుకుని, వర్క్‌షాపు కఫీల్, అంటే ఎవరి పేరు మీద వీసాలు వస్తాయో ఆ ఒమానీ యజమాని, ఉండే తాఖా ఊరికి వెళ్ళింది. ఆయన వర్క్‌షాపు ఎలా ఉంటుందో కూడా సరిగ్గా చూడని ముసలాయన, ఒంటెల మనిషి. ఆసుపత్రిలో నేర్చుకున్న అరబ్బీతో ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది, సఫూరా సంగతితో సహా. ముసలాయన అంతా విన్నాడు. ఖర్జూరం పళ్ళెం వాళ్ళ ముందుకు జరిపాడు. ఆ మర్నాడు కొడుకుని పంపి కాగితం మీద సంతకం చేయించాడు. భూమయ్యని వెనక్కి పిలిపించగలరా అని కూడా మణికుమారి అడిగింది. ఆ మాట విననట్టు, కాఫీ తెమ్మని కొడుకుని కేకేశాడు ఆయన.

సఫూరాని అక్టోబరులో ఊరికి పంపారు. స్ట్రెచరు మీదే విమానం ఎక్కించారు. మణికుమారి అంబులెన్సు దాకా వెళ్ళి దుప్పటి సర్దింది. సఫూరా ఆమె చెయ్యి పట్టుకుని, ఫోన్ చేస్తా ఉండక్కా అంది. ప్రేమ్ సాగర్ గురించి ఒక్క మాటా అడగలేదు. అడుగుతుందని అతడూ అనుకోలేదు. అయినా ఆ రోజు మణికుమారి ఇంటికి రాగానే, "ఏమన్నా అందా?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

సలాలాలోనే ఒక బలూచీ ముసలాయన నడిపే చిన్న షెడ్డులో అతడికి పని దొరికింది. జీతం తక్కువ, పేరు లేని షెడ్డు. ఇప్పుడు అతడు బోర్డుని వెనక నుంచి మొదలుపెట్టి గీస్తాడు. మొదట గోడ. దాని మీద ఫ్రేము. తర్వాత నీళ్ళు ఎటు నుంచి వస్తాయి, ఎటు పోతాయి. అడుగు భాగం తెరిచే ఉంచుతాడు, లోపల గాలి ఆడుతుంది. అన్నిటికంటే ఆఖర్న మొహం. దాని మీద మిర్బాత్ తలుపులాగా ఇత్తడి తలల బోల్టులు వరసగా, బాహాటంగా ఉంటాయి. అక్షరాలు వాటి మధ్య ఇముడుతాయి. కొందరికి నచ్చింది. చాలామందికి నచ్చలేదు. "చొక్కా గుండీల్లా ఏంటివి? పాతవాటిలాగా నున్నగా చెయ్యి," అంటారు. అతడు చెయ్యనంటాడు. వాళ్ళు రైసూత్‌కి వెళ్ళి ఫుర్ఖాన్ దగ్గర చేయించుకుంటారు. అక్కడ అతడి పాత అచ్చులే ఇంకా వాడుతున్నారు, ఇంకెవరో చేస్తున్నారు. అది తెలిసి ఒకసారి వెళ్ళి ఆ కొత్త పనివాడికి అడుగున కన్నాలు పెట్టమని చెప్పి వచ్చాడు. వాడు సరేనన్నాడు. పెట్టాడో లేదో తెలియదు. అత్తరు దుకాణం యజమాని మాత్రం తర్వాతి ఖరీఫ్‌కి ముందే తన బోర్డు దింపించుకున్నాడు. భయపడి దింపాడో, పాతబడిందని దింపాడో ఎవరూ చెప్పలేదు.

భూమయ్య అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. "ఏం చేస్తన్నావ్?" అంటే, "ఫ్లెక్సీలు గడ్తున్న అన్నా. గాలికి చినిగితె చినుగుతయ్, మీదవడ్డా ఎవనికేం గాదు," అని నవ్వేవాడు. ఆ నవ్వు వింటూ ప్రేమ్ సాగర్ ఫోన్ చెవి నుంచి కాస్త దూరం పెట్టుకునేవాడు.

రెండువేల పదహారు వేసవి మొదట్లో, ఒక ఉదయం, అతడు పనికి బయల్దేరుతుండగా మణికుమారికి ఫోన్ వచ్చింది. వంటింట్లో నిలబడి చాలాసేపు వింది. ఊఁ, ఊఁ అనడమే తప్ప మాట్లాడలేదు. వచ్చి కుర్చీలో కూర్చుంది.

"సఫూరా వాళ్ళక్క చేసిందండీ. సఫూరా పోయిందంట. వీపంతా పుండ్లు పడిపోయాయంట. తిప్పి పడుకోబెట్టేవాళ్ళు సరిగ్గా లేరు పాపం."

ప్రేమ్ సాగర్ గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని నిలబడిపోయాడు.

"ఎప్పుడు?"

"మొన్న." మణికుమారి ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. "నేనైతే గంట గంటకీ తిప్పేదాన్ని. వాళ్ళకి ఎవరు చెప్తారండీ? పంపేటప్పుడు నేను కాగితం మీద రాసిచ్చా. గట్టిగా చెప్పాల్సింది. రెండుసార్లు చెప్పాల్సింది."

ఆ మాట ఎక్కడి నుంచి వస్తోందో అతడికి తెలుసు. ఎలా ఉంటుందో కూడా తెలుసు. వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. నీ తప్పు కాదు అనబోయి, ఆ మాట తను అనకూడదనిపించి ఊరుకున్నాడు. ఆమె చెయ్యి మాత్రం పట్టుకున్నాడు.

కాసేపటికి మణికుమారే లేచింది. ఆమెకి డ్యూటీ ఉంది. అతడికీ పని ఉంది. ఆ రోజు ఒక బడి సామాన్ల దుకాణానికి బోర్డు బిగించాలి. ఇద్దరూ కలిసి మెట్లు దిగి, రోడ్డు దాకా వచ్చి, చెరో వైపు బస్సు కోసం నిలబడ్డారు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఖరీఫ్ రావడానికి ఇంకా టైముంది.